జట్టులో చోటు ఎవరికి?

ప్రతి ఏడూ మన వార్షికోత్సవ సంచికలో క్రికెట్ మీద ఒక వ్యాసం తప్పకుండా ఉంటుంది. ఉండనివ్వండి, మాకేమీ అభ్యంతరం లేదు. కానీ మిత్రులారా, ఈ హాస్టల్లో సాయంత్రం స్టడీ అవర్ బెల్లు కొట్టేదాకా పల్లేరుకాయల మధ్య ఫుట్‌బాల్ తన్నేవాళ్ళం కూడా ఓ పాతికమందిమి ఉన్నాం. మాకున్నది ఒకే బంతి. దానికి మూడు అతుకులు. మా అభిప్రాయాలకు మాత్రం అతుకులు లేవు. డైనింగ్ హాల్లో సాంబారు బకెట్ దగ్గర మొదలైన వాదన రాత్రి లైట్లు ఆర్పాక కూడా మంచాల మధ్య నడుస్తూనే ఉంటుంది. ఆ వాదనలో కొంత ఈసారి కాగితం మీద పెడుతున్నాం.

వాదన దేని గురించంటే, జట్టును ఎలా ఎంపిక చేయాలి? ఆటగాడి పేరు చూసా, ఈ మధ్య అతను ఆడుతున్న ఆట చూసా?

మన దేశ జట్టు సంగతే తీసుకుందాం. 2024 సంవత్సరం మొత్తంలో భారత పురుషుల జట్టు 11 మ్యాచ్‌లు ఆడి ఒక్కటి కూడా గెలవలేదు. ఆరు ఓడింది, ఐదు డ్రా చేసుకుంది. పదకొండు మ్యాచ్‌లలో కొట్టిన గోల్స్ నాలుగంటే నాలుగు. వాటిలో మూడు మ్యాచ్‌లు మన హైదరాబాదు గచ్చిబౌలిలోనే జరిగాయి. సెప్టెంబరులో మారిషస్‌తో 0-0, సిరియా చేతిలో 0-3, నవంబరు 18న మలేషియాతో 1-1. సొంత గడ్డ మీద కూడా గెలుపు ముఖం చూడలేకపోయాం.

అదే ఏడాది జూన్ 6న కోల్‌కతాలో కువైట్‌తో మ్యాచ్ ఆడి సునీల్ ఛెత్రి సెలవు తీసుకున్నాడు. 151 మ్యాచ్‌లు, 94 గోల్స్. (ఛెత్రి పుట్టింది మన సికింద్రాబాదులోనే అని మా హాస్టల్లో కొత్తగా చేరిన ప్రతివాడికీ చెబుతాం. నమ్మనివాడికి పేపర్ కటింగ్ చూపిస్తాం.) తర్వాత తొమ్మిది నెలలకు, 2025 మార్చిలో, అప్పటి కోచ్ మనోలో మార్కెజ్ అతన్ని మళ్ళీ పిలిచాడు. అప్పటికి ఛెత్రి వయసు 40 ఏళ్ళు. షిల్లాంగ్‌లో మాల్దీవులతో ఆడిన మొదటి మ్యాచ్‌లోనే తలతో 95వ గోల్ కొట్టాడు. భారత్ 3-0తో గెలిచింది.

ఇక్కడే మా పాతికమందిమీ రెండు వర్గాలయ్యాం. ఒక వర్గం వాదన ఇది: "రిటైరైన మనిషిని మళ్ళీ పిలవడమంటే కుర్రవాళ్ళ నోటి దగ్గరి ముద్ద లాక్కోవడమే. పాతవాళ్ళే ఆడుతుంటే కొత్తవాళ్ళు ఎప్పుడు నేర్చుకుంటారు?" రెండో వర్గం జవాబు కూడా గట్టిదే: "2024-25 ఐఎస్ఎల్‌లో భారతీయులందరిలోకీ ఎక్కువ గోల్స్ కొట్టింది ఎవరు? 14 గోల్స్‌తో ఛెత్రియే కదా! ఫామ్ చూసి ఎంపిక చేయమని మనమే అరుస్తాం, ఫామ్‌లో ఉన్నవాడిని ఎంపిక చేస్తే వయసు అడుగుతాం!"

ఆలోచించి చూస్తే మాకు రెండో మాటే న్యాయంగా తోస్తుంది. ఫామ్ అన్నది కొలత అయితే ఆ కొలత ఇరవై ఏళ్ళవాడికీ నలభై ఏళ్ళవాడికీ ఒక్కటే కావాలి. నలభై ఏళ్ళవాడు 14 గోల్స్ కొట్టడం అతని తప్పు కాదు. ఇరవై రెండేళ్ళవాడికి ఆ అవకాశం ఎందుకు రాలేదన్నదే అసలు ప్రశ్న.

దానికి జవాబు వెతుకుతూ పోతే లీగ్ జట్ల దగ్గరికి వస్తాం. 2014లో ఐఎస్ఎల్ మొదలైనప్పుడు ఒక జట్టు తరఫున మైదానంలో ఆరుగురు విదేశీయులు ఆడవచ్చు. 2017లో ఆ సంఖ్య ఐదుకు తగ్గింది, 2021లో నాలుగుకు దిగింది. సంఖ్య తగ్గింది నిజమే. ఆ నలుగురు ఏ స్థానాల్లో ఆడుతున్నారో మాత్రం ఎవరూ అడగడం లేదు. గోల్ కొట్టే స్థానం చాలా జట్లలో విదేశీ ఆటగాడిదే. 2024-25లో అత్యధికంగా 23 గోల్స్ కొట్టింది మొరాకో ఆటగాడు అజరాయి. అంతకు మూడేళ్ళ ముందు మన హైదరాబాద్ ఎఫ్‌సీ విజేతగా నిలిచినప్పుడు 18 గోల్స్ కొట్టింది నైజీరియాకు చెందిన ఓగ్బెచే. వాళ్ళ మీద మాకు కోపం లేదు, ఓగ్బెచే గోల్స్‌కు మేమూ గంతులేశాం. క్లబ్బు కోచ్‌ను కూడా తప్పు పట్టలేం. నాలుగు మ్యాచ్‌లు వరసగా ఓడితే అతని ఉద్యోగం పోతుంది, అందుకని చేయి తిరిగిన విదేశీయుణ్ణి ముందు నిలబెడతాడు. మన కుర్రవాడిని వింగ్ మీదికి తోస్తాడు, లేకపోతే బెంచీ మీద కూర్చోబెడతాడు. ఏడాదంతా వింగ్ మీద పరుగెత్తినవాణ్ణి జాతీయ జట్టుకు తెచ్చి, "ఇదిగో పెనాల్టీ బాక్సు, గోల్ కొట్టు" అంటే ఎలా కొడతాడు? వంట మనిషి సెలవు పెట్టిన రోజున అటెండర్‌ను గరిటె పట్టుకోమన్నట్టు ఉంటుంది.

కాబట్టి ఛెత్రిని పిలవడం తప్పు కాదు. ఛెత్రి తప్ప పిలవడానికి మరొకడు లేకుండా చేసుకోవడమే తప్పు. 2025 జూన్ 10న హాంకాంగ్‌లో అది తేటతెల్లమైంది. తొలి సగంలో వచ్చిన మంచి అవకాశాన్ని మనవాళ్ళు వదిలేశారు. ఆట ముగిసే ఘడియల్లో పెనాల్టీ ఇచ్చుకుని 0-1తో ఓడిపోయారు. జూలైలో మార్కెజ్ వెళ్ళిపోయాడు. ఇదే మార్కెజ్ 2022 మార్చి 20న ఫతోర్డాలో హైదరాబాద్ ఎఫ్‌సీకి కప్పు గెలిపించిన కోచ్ అని గుర్తుంచుకోవాలి. క్లబ్బులో ఓగ్బెచే ఉన్నప్పుడు గొప్పవాడు, దేశానికి వచ్చేసరికి పనికిరానివాడు అయిపోయాడా? కోచ్‌ను తిట్టడం తేలిక. అతని చేతికి ఏ పదకొండుమందిని ఇచ్చామో చూసుకోవడం కష్టం.

గోల్‌కీపర్ విషయం మరో రకం. మలేషియా మ్యాచ్‌లో గుర్‌ప్రీత్ సింగ్ సంధు బంతి కోసం గోల్ వదిలి ముందుకు వచ్చేశాడు, అది అందలేదు, ఖాళీ గోల్‌లోకి వాళ్ళు బంతి పంపారు. ఆ మరుసటి మార్చిలో బంగ్లాదేశ్‌తో, జూన్‌లో హాంకాంగ్‌తో గోల్‌పోస్టు విశాల్ కైత్‌ది అయింది. కైత్ అప్పుడు లీగ్‌లో ఉత్తమ గోల్‌కీపర్, గోల్డెన్ గ్లవ్ అందుకున్నవాడు, కనుక ఎంపికలో వంక పెట్టలేం. కానీ హాంకాంగ్‌లో చివరి నిమిషాల పెనాల్టీ ఇచ్చిందీ కైతే. ఫార్వర్డ్ పది తప్పులు చేసి ఒక గోల్ కొడితే చప్పట్లు కొడతాం. కీపర్ పది ఆపి ఒకటి వదిలితే పేపర్లో ఫొటో వేస్తారు. గోల్ దగ్గర నిలబడేవాడికి ఒక్క పొరపాటుతో శిక్ష వేయకూడదన్నది మా గట్టి అభిప్రాయం. అతన్ని పదేసి మ్యాచ్‌ల మీద తూచాలి. 2025 ఆగస్టులో కొత్త కోచ్ ఖాలిద్ జమీల్ వచ్చాక తజికిస్తాన్‌లో జరిగిన నేషన్స్ కప్‌లో గుర్‌ప్రీత్ మళ్ళీ నిలబడ్డాడు. మూడో స్థానం కోసం ఒమన్‌తో జరిగిన మ్యాచ్ పెనాల్టీ షూటౌట్‌కు వెళ్తే ఆపి గెలిపించాడు. పక్కన పెట్టిన మనిషిని శాశ్వతంగా పక్కన పెట్టకూడదని అనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఆ టోర్నీకి జమీల్ ఛెత్రిని తీసుకోలేదు. మోహన్ బాగాన్ క్లబ్బు తన ఆటగాళ్ళను పంపలేదు. అయినా జట్టు మూడో స్థానం తెచ్చింది. మొదటి వర్గం వాళ్ళు ఆ రాత్రి మా మంచాల చుట్టూ ఊరేగింపు తీశారు! అక్టోబరులో సింగపూర్ మ్యాచ్‌లకు జమీలే ఛెత్రిని మళ్ళీ పిలిచాడు. అక్కడ 1-1, ఇక్కడ మార్గావ్‌లో 1-2. 2027 ఆసియా కప్ తలుపు మూసుకుంది. ఊరేగింపు తీసినవాళ్ళూ తీయనివాళ్ళూ ఆ రాత్రి ఒకే విధంగా పడుకున్నారు.

ఇంతకీ ఎంపిక అంటే ఏమిటో తెలిసిన మనిషి ఒకాయన మన హైదరాబాదులోనే ఉండేవాడు. సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన బడిపంతులు. మన హాస్టల్ పిల్లలకు ఇది చెప్పుకోదగ్గ సంగతి, ఎందుకంటే మనలో చాలామందిని ముందుకు తోసింది కూడా ఎవరో ఒక పంతులుగారే. రహీం హయాంలోనే 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మన జట్టు యుగోస్లావియా చేతిలో 1-10 తేడాతో ఓడింది. ఆ చలిలో మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండా ఆడారు. నాలుగేళ్ళ తర్వాత, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో, అదే రహీం జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం వంటి హైదరాబాదు ఆటగాళ్ళు ఉన్నారు.

ఆయన ఎంపికలోని తెలివి చూడాలంటే 1962 జకార్తా ఆసియా క్రీడలు చూడాలి. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడాం. తర్వాత థాయ్‌లాండ్ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. మామూలు కోచ్ అయితే ఆ ఆటగాణ్ణి పడుకోబెట్టి ఇంకొకణ్ణి దింపుతాడు. రహీం ఏం చేశాడు? డిఫెండర్‌గా పేరుపడ్డ జర్నైల్‌ను తెచ్చి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టాడు! కాలేజీ రోజుల్లో అతను ముందు వరుసలో ఆడినవాడని రహీంకు తెలుసు. సెమీఫైనల్లో జర్నైల్ గోల్ కొట్టాడు. సెప్టెంబరు 4న ఫైనల్లో అదే దక్షిణ కొరియా మీద పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టి 2-1తో బంగారు పతకం తెచ్చారు. గోల్‌కీపర్‌ను కూడా ఫైనల్‌కు మార్చాడు. అంతకుముందు ఆడిన ప్రద్యుత్ బర్మన్ బాగానే ఆడాడు. అయినా ఎత్తు బంతులు వేసే కొరియా మీదికి పొడగరి పీటర్ తంగరాజ్‌ను దింపాడు. అంటే ఆయనకు పేరు ముఖ్యం కాదు, నిన్నటి మ్యాచ్ కూడా ముఖ్యం కాదు. రేపు ఎదురయ్యేది ఎవరు, వాళ్ళకు ఎదురు నిలిచేది ఎవరు అన్నదే లెక్క. ఆ పతకం తెచ్చిన మరుసటి ఏడాది, 1963 జూన్ 11న, రహీం క్యాన్సర్‌తో చనిపోయాడు. ఆయన మీద 'మైదాన్' అని 2024లో హిందీ సినిమా వచ్చాక గానీ మా తరానికి ఆయన పేరు తెలియలేదు.

బలరాం సంగతి ఇంకా దగ్గరగా తగులుతుంది. తులసీదాస్ బలరాంది సికింద్రాబాదు పక్కన అమ్ముగూడ. పేద కుటుంబం. కుర్రవాడి ఆట చూసి రహీం ప్రాక్టీసుకు రమ్మంటే అంత దూరం రావడానికి డబ్బుల్లేవన్నాడట. అప్పుడు రహీమే రోజుకు రూపాయి చొప్పున అద్దె సైకిలుకు ఇచ్చాడని బలరాం పెద్దయ్యాక చెప్పుకున్నాడు. ఆ రూపాయి లేకపోతే 1956 ఒలింపిక్స్‌కూ 1962 బంగారు పతకానికీ ఆ పేరు ఉండేది కాదు. ఊపిరితిత్తుల జబ్బుతో 27 ఏళ్ళకే ఆట మానుకుని, 2023 ఫిబ్రవరిలో కన్నుమూసిన ఆ పెద్దమనిషిని తలుచుకుంటే మాకు ముందు గుర్తొచ్చేది ఆ సైకిలే.

ఎందుకంటే మా దాకా వచ్చేసరికి ఎంపిక మైదానంలో మొదలు కాదు. బస్టాండులో మొదలవుతుంది. జిల్లా స్థాయి ట్రయల్స్ ఎక్కడో పట్టణంలో, ఉదయం ఏడింటికి అంటారు. మన ఊరి మొదటి బస్సు అక్కడికి చేరేది తొమ్మిదిన్నరకి. ముందురోజు రాత్రే వెళ్ళాలంటే ఛార్జీలు కావాలి, పడుకోవడానికి చోటు కావాలి, తినడానికి ఏదో ఒకటి కావాలి. రెండేళ్ళ కింద మా అందరిలోకీ బాగా ఆడే లెఫ్ట్ వింగ్ కుర్రవాడు ట్రయల్స్‌కు పోలేదు. పత్తి ఏరే రోజులు, ఇంటి దగ్గర అమ్మ చేతిలో పైసా లేదు. ఎంపిక జాబితా వచ్చాక వాడి పేరు లేదని ఎవరూ ఆశ్చర్యపోలేదు. పిలిచినవాళ్ళలో బాగా ఆడినవాళ్ళనే ఎంచామని సెలెక్టర్లు చెప్పి ఉంటారు. అబద్ధం కాదు కూడా. రానివాడి ఫామ్ ఎవరు రాస్తారు?

మరొకసారి మావాళ్ళు నలుగురు అప్పు చేసి పోయారు. అక్కడ పదిహేను నిమిషాల ఆట, దానిలో బంతి కాలికి తగిలింది రెండుసార్లు. బూట్లున్న పిల్లల్ని ఒక పక్క, లేనివాళ్ళని ఒక పక్క నిలబెట్టారు. ఎందుకు నిలబెట్టారో అర్థం కావడానికి మావాళ్ళకు ఇంటర్మీడియెట్ చదువు అక్కర్లేకపోయింది.

ఇలా రాస్తే ఏడుపుగొట్టు రాతలంటారేమో. కాదు, ఎదురు ఉదాహరణలు కూడా మా దగ్గర ఉన్నాయి. 2024 డిసెంబరు 31న గచ్చిబౌలిలో సంతోష్ ట్రోఫీ ఫైనల్. కేరళ మీద బెంగాల్‌కు చివరి క్షణాల్లో గెలుపు గోల్ కొట్టింది రోబీ హాన్స్‌దా అనే సంతాల్ ఆదివాసీ కుర్రవాడు. బర్దమాన్ వైపు పల్లెటూరు, కూలి కుటుంబం. ఆ టోర్నీలో అతను కొట్టిన గోల్స్ 12. దాంతో బెంగాల్ తరఫున ఒకే టోర్నీలో ఎక్కువ గోల్స్ కొట్టిన పాత రికార్డు చెరిగిపోయింది. ఆ పాత రికార్డు 11 గోల్స్‌తో ఎవరిదో తెలుసా? మన హైదరాబాదీ మహమ్మద్ హబీబ్‌ది. ఒకప్పుడు మన ఊరివాడు బెంగాల్ వెళ్ళి నెలకొల్పిన రికార్డును బెంగాల్ పల్లెటూరివాడు మన ఊరికి వచ్చి బద్దలు కొట్టాడు. హబీబ్ అప్పటికి ఏడాదిన్నర కిందటే, 2023 ఆగస్టు 15న, చనిపోయాడు. ఉండి ఉంటే ముందు చప్పట్లు కొట్టేవాడు ఆయనేనని మేం అనుకుంటాం.

ఇక నిజామాబాద్ జిల్లా లంబాడా బిడ్డ గుగులోత్ సౌమ్య పేరు తెలియనివాళ్ళు ఈ సంచిక చదవడం ఆపి ముందు అది తెలుసుకోవాలి. 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు ఆడింది. ఈస్ట్ బెంగాల్ తరఫున మహిళల లీగ్ గెలిచింది. 2024-25కు దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణిగా అవార్డు అందుకుంది. మగవాళ్ళ జట్టు హాంకాంగ్‌లో ఓడిన నెల తిరగకుండానే, 2025 జూలై 5న, మన మహిళల జట్టు థాయ్‌లాండ్‌ను వాళ్ళ దేశంలోనే 2-1తో ఓడించి 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించింది. క్వాలిఫయర్లు గెలిచి అక్కడికి చేరడం మన మహిళలకు అదే మొదటిసారి. ఆ రెండు గోల్సూ సంగీతా బాస్ఫోర్‌వి. పెద్ద జీతాలు లేవు, టీవీలో పెద్ద ప్రచారం లేదు. మన డైనింగ్ హాల్లో కూడా ఆ మ్యాచ్ గురించి మాట్లాడినవాళ్ళం ఆరుగురమే అని చెప్పుకోవాల్సి వస్తోంది. బాలికల హాస్టల్ చెల్లెళ్ళకు గ్రౌండ్‌లో వారానికి రెండు సాయంత్రాలు ఇవ్వాలన్న మాట ఎత్తితే మావాళ్ళే కొందరు ముఖం తిప్పుకున్నారు. సౌమ్యకు కూడా మొదట్లో ఎవరో ఒకరు గ్రౌండ్ ఇచ్చే ఉంటారు కదా!

హైదరాబాద్ ఎఫ్‌సీ గురించి ఒక్క మాట. కప్పు గెలిచిన మూడేళ్ళకే, 2025లో, ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయింది. రహీం, బలరాం, హబీబ్, షబ్బీర్ అలీ పుట్టి పెరిగిన ఊరికి పెద్ద లీగ్‌లో జట్టే లేకుండా పోయింది. జట్టే లేనప్పుడు ఎంపిక గురించి కొట్టుకోవడం ఎందుకని ఒక మిత్రుడు అన్నాడు. వాడి మాట మేం ఒప్పుకోలేదు. క్లబ్బులు వస్తాయి, పోతాయి. మన మండలం జట్టు, మన హాస్టల్ జట్టు ఎక్కడికీ పోవు. ఆ ఎంపికైనా సరిగ్గా చేసుకుందాం.

పీడీ సార్ ఈ విషయంలో మా మాట వింటారని నమ్మకం ఉంది కనుక అడుగుతున్నాం. వచ్చే ఏడాది హాస్టల్ జట్టుకు ఒక్క రోజు ట్రయల్స్ వద్దు. మూడు ఆదివారాలు, మూడు మ్యాచ్‌లు పెట్టాలి. గోల్స్ మాత్రమే కాదు, ఎవరు ఎన్ని బంతులు అందించారో, ఎవరు వెనక్కి పరుగెత్తి కాపాడారో ఒక నోటు పుస్తకంలో రాయాలి. రాసే పని మేమే చేస్తాం, ఆడనివాడు రాస్తాడు. టెన్త్‌వాళ్ళు కాబట్టి తప్పనిసరిగా పదకొండులో ఉండాలన్న అలవాటు పోవాలి. ఎనిమిదో తరగతిలో ఒక బక్కపిల్లవాడు బూట్లు లేకుండా బ్యాక్ ఆడతాడు, వాణ్ణి దాటి బంతి తీసుకుపోయినవాణ్ణి మేం ఈ ఏడాది ఇద్దరినే చూశాం. వాడి పేరు ఇక్కడ రాస్తే సిఫారసు అవుతుంది, కాబట్టి రాయం. వచ్చి చూడండి.

పూర్వ విద్యార్థి అన్నలకు ఒక మనవి. ప్రతి వార్షికోత్సవానికీ మీరు శాలువాలు, మెమెంటోలు ఇస్తున్నారు, సంతోషం. ఈసారి వాటి ఖర్చులో కొంత వార్డెన్ గారి దగ్గర 'ట్రయల్స్ ఛార్జీలు' అని వేరే పద్దు కింద జమ చేయండి. నలుగురు పిల్లలు పోయి రావడానికి, ఒక రాత్రి పడుకోవడానికి, రెండు పూటలు తినడానికి ఎంతవుతుందో మీకు మాకంటే బాగా తెలుసు. ఆర్టీసీలో కండక్టర్లుగా ఉన్న అన్నలు మన సంఘంలోనే ఉన్నారు. లెక్క వాళ్ళని అడగండి. బూట్లు తర్వాత చూసుకుందాం, ముందు పిల్లలు అక్కడికి చేరాలి.

మిగిలింది గోల్‌కీపర్ ఎవరన్న తగాదా. దాని మీద మాలో మాకే ఇంకా కుదరలేదు.